ఐసు కనపడని ఐస్ క్లైంబింగ్: పోటీ గోడ ప్లైవుడ్‌కు ఎందుకు మారింది, తిరుపతిలాంటి ఊరికి దానితో ఏం పని

ఐస్ క్లైంబింగ్ ప్రపంచ కప్ వీడియో ఫోన్‌లో చూసినవాళ్లకు ముందుగా వచ్చే అనుమానం: ఇందులో ఐసు ఏది? రెండు చేతుల్లో వంకీ తిరిగిన గొడ్డళ్లు, బూట్ల అడుగున ఉక్కు ముళ్లు, ఒంటి మీద చలి దుస్తులు. ఎక్కుతున్నదేమో ఇనుప చట్రానికి బిగించిన ప్లైవుడ్ పలకల మీద. కొన్నిచోట్ల గాల్లో వేలాడే చెక్క పెట్టెలు, పీపాలు కూడా ఉంటాయి. గడ్డకట్టిన జలపాతం మీద పోటీ అనుకుని చూసినవాళ్లకు ఇది మోసంలా కనిపిస్తుంది. కానీ కారణాలు లేకుండా జరిగిన మార్పు కాదిది.

క్లుప్తంగా

అంతర్జాతీయ పోటీల్లో రెండు విభాగాలు: ఎత్తుకు పోటీ పడే లీడ్, వేగానికి పోటీ పడే స్పీడ్. లీడ్ దాదాపు పూర్తిగా కృత్రిమ గోడ మీదికి వెళ్లిపోయింది, స్పీడ్ మాత్రం ఇప్పటికీ ఐసు గోడ మీదే. లీడ్ ఐసును వదలడం వల్ల పోటీ న్యాయంగా మారింది, చలిలేని దేశాలకూ తలుపు తెరుచుకుంది. అదే కారణంగా శీతాకాల ఒలింపిక్స్ తలుపు దగ్గర చిక్కు వచ్చింది. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఐసు గోడ నిలబెట్టడం సాధ్యమే కానీ కరెంటు బిల్లు ఒప్పుకోదు. లీడ్ సాధనకు మాత్రం ఒక ఎత్తయిన షెడ్డు చాలు.

మంచు అంటే ఏ మంచు?

తెలుగులో ‘మంచు’ అన్న ఒక్క మాటతో మూడు నాలుగు పనులు చేయించుకుంటాం. డిసెంబరు తెల్లవారుజామున తిరుమల ఘాట్ రోడ్డును కమ్మేదీ మంచే, గడ్డి మీద బొట్లుగా నిలిచేదీ మంచే, హిమాలయాల్లో దూదిలా రాలేదీ మంచే. ఈ క్రీడకు కావలసింది వీటిలో ఏదీ కాదు. నీరు గట్టిగా గడ్డకట్టిన ఐసు కావాలి, చేపల మార్కెట్లో గోనె కప్పి దించే ఐసు దిమ్మలాంటిది. అందుకే ఈ వ్యాసంలో ‘ఐసు’ అనే మాటే వాడడం.

గొలుసులో మూడు మలుపులు

పర్వతారోహకులకు ఐసు ఎక్కడం మొదట అవసరం, తర్వాత వేడుక. బూట్లకు కట్టుకునే ముళ్ల చట్రం క్రాంపాన్. దాని పది ముళ్ల రూపాన్ని 1908 ప్రాంతంలో ఆస్కర్ ఎకెన్‌స్టైన్ తీర్చిదిద్దాడు. 1912లో ఇటలీలోని కూర్మాయూర్ దగ్గర బ్రెన్వా హిమానీనదం మీద గైడ్లకు క్రాంపాన్ పోటీ పెట్టారు. 1929లో లారెంట్ గ్రివెల్ ముందువైపు రెండు ముళ్లు చేర్చాడు. అంతకుముందు ఏటవాలు ఐసులో గొడ్డలితో మెట్లు చెక్కుకుంటూ పోవాలి. ముందు ముళ్లు వచ్చాక బూటు కొనతో తన్ని నిలబడవచ్చు. నిట్టనిలువు ఐసుకు దారి అక్కడ పడింది.

రెండో మలుపు 1994. అమెరికాలోని వేల్ దగ్గర జెఫ్ లోవ్ ‘ఆక్టోపుసీ’ అనే దారి ఎక్కాడు. పైనుంచి వేలాడే ఐసు స్తంభాన్ని అందుకోవడానికి ముందు వట్టి రాతి కప్పు మీద గొడ్డళ్ల మొనలతో పాకాలి. ఐసు గొడ్డలిని రాతి మీద వాడే ఈ పద్ధతికే డ్రై టూలింగ్ అని పేరు స్థిరపడింది. మూడో మలుపు పోటీలు. 1997 నుంచి 1999 వరకు సాహస క్రీడల పోటీలైన వింటర్ ఎక్స్ గేమ్స్‌లో ఐస్ క్లైంబింగ్ ఉంది. 2002 నుంచి ప్రపంచ కప్‌ను నడుపుతున్నది యూఐఏఏ. ఇది 1932లో షామొనీలో పుట్టిన అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య. మామూలు క్లైంబింగ్ పోటీలను చూసే ఐఎఫ్‌ఎస్‌సీ 2007లో విడిగా ఏర్పడింది. ఈ రెండు సంస్థలనూ ఒకటిగా పొరబడడం మామూలే. ఒలింపిక్స్ చిక్కు దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా పనికొస్తుంది.

లీడ్‌లో ఐసు ఎందుకు నిలవలేదు

లీడ్ అంటే ఎత్తుకు పోటీ. క్రీడాకారుడు తాడును తనతోపాటు పైకి తీసుకెళ్తూ, గోడకు వేలాడే క్లిప్పుల్లో వరసగా తగిలించుకుంటూ పోవాలి. ఇచ్చిన నిమిషాల్లో ఎంత ఎత్తు పట్టును అదుపులోకి తెచ్చుకుంటే అంత స్థానం. ఒక క్లిప్పు వదిలేసి పైకి పోతే ఆ పైన ఎక్కినది లెక్కకు రాదు. ఎక్కబోయే దారిని ముందు కొద్ది నిమిషాలు కింద నుంచి అందరికీ చూపిస్తారు, తర్వాత క్రీడాకారులను విడిగా ఒక గదిలో ఉంచేస్తారు. ముందువాడు ఎలా ఎక్కాడో, ఎక్కడ జారాడో వెనకవాడికి తెలియకూడదు.

ఈ నియమాన్ని ఐసు మీద పెట్టి చూస్తే ఇబ్బంది ఎక్కడుందో తెలిసిపోతుంది. మొదట ఎక్కినవాడు గొడ్డలి దించిన ప్రతిచోటా గుంట మిగులుతుంది. పదో వాడికి ఆ గుంటలే పట్లు. అతను కొట్టనక్కర్లేదు, మొన తగిలిస్తే చాలు. ఇరవయ్యో వాడికి అదే గుంట అంచు విరిగి, చుట్టూ పగులు పాకి ఉండవచ్చు. పొద్దున ఎక్కినవాడికి గట్టి ఐసు, మధ్యాహ్నం ఎక్కినవాడికి చెమర్చిన ఐసు. ఒకే పోటీలో ఒకే దారి ఇద్దరికి ఒకేలా ఉండదు.

ఐసు స్వభావమూ సాయపడదు. సున్నాకు కాస్త దిగువన ఐసు కొంత సాగుతుంది, మొనను పట్టి ఉంచుతుంది. మైనస్ పదిహేను దాటితే పెళుసుబారి, కొట్టినచోట పళ్లెమంత పెచ్చు ఊడి ముఖం మీదికి వస్తుంది. పైగా నిట్టనిలువు ఐసు ఎక్కడం అగ్రశ్రేణి క్రీడాకారులకు కష్టమేమీ కాదు. కొట్టినచోటల్లా పట్టు దొరికేదాన్ని ఎంత పొడుగు పెంచినా అందరూ పైదాకా వెళ్లిపోతారు, విజేత తేలడు. కష్టం పెరగాలంటే గోడ ముందుకు వాలాలి, కప్పులా తిరగాలి. నీరు అలా తిరగబడి గడ్డకట్టదు.

కాబట్టి దారి రూపకర్తలు ప్లైవుడ్‌కు వచ్చారు. ఒకప్పుడు మధ్యమధ్య ఐసు ముక్కలు వేలాడదీసేవారు. అవి కూడా పగిలి, ఊడి, కొలతకు అందక క్రమంగా తగ్గాయి. ఆటకు పేరిచ్చిన పదార్థమే ఆటకు అడ్డమైంది.

రెండు మిల్లీమీటర్ల అంచు మీద

గోడ కృత్రిమమైతే తేలికైపోయిందనుకోవడం పొరపాటు. ఒక పట్టును దగ్గరగా చూస్తే విషయం తెలుస్తుంది. అది చెక్కదో, లోహానిదో, గట్టి ప్లాస్టిక్‌దో అరచేతంత ముక్క. దాని మీద ఒక చిన్న గాడి. గొడ్డలి మొన కూర్చునేది ఆ గాడిలో రెండు మూడు మిల్లీమీటర్ల మేర. మనిషి బరువంతా అక్కడే. వేళ్లతో పట్టుకునే క్లైంబర్‌కు చర్మం సమాచారం చెబుతుంది, అంచు జారుతోందా లేదా తెలుస్తుంది. గొడ్డలి పట్టినవాడికి అర మీటరు పొడవు పిడి మధ్యలో ఉంది. మొన కూర్చుందో లేదో పిడిలోంచి వచ్చే సన్నని అదురును బట్టి, చప్పుడును బట్టి ఊహించుకోవాలి.

ఇక్కడ జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే. మొన కూర్చున్నప్పుడు పిడి ఏ కోణంలో ఉందో, శరీరం పైకి లేస్తున్నప్పుడూ అదే కోణంలో ఉండాలి. క్రీడాకారుడు పైకి లాగుకుంటూ ఛాతీ గొడ్డలి దాకా వచ్చేసరికి చెయ్యి తెలియకుండానే పిడిని బయటికి లాగుతుంది. మొన లేస్తుంది. బరువు మీద ఉన్న గొడ్డలి విడిపడితే అది వచ్చేది నేరుగా ముఖం మీదికి. హెల్మెట్, కంటి రక్షణ లేకుండా ఈ పని ముట్టకూడదనడం అందుకే.

కప్పు మీద కాళ్లకు ఆధారం దొరకనప్పుడు వాడే భంగిమే చూసేవాళ్లను ఆకట్టుకునేది. కుడిచేయి గొడ్డలి పట్టి వేలాడుతుంటే ఎడమ కాలిని పైకెత్తి కుడి మోచేతి మడత మీదుగా వేస్తారు. దూరం నుంచి ఇంగ్లీషు నాలుగు అంకెలా కనిపిస్తుంది, పేరు కూడా ఫిగర్ ఫోర్. అదే చేతి వైపు కాలు వేస్తే ఫిగర్ నైన్. విన్యాసం కోసం చేసేది కాదిది. గాల్లో వేలాడే శరీరం లోలకంలా ఊగుతుంది. కాలిని చేతి మీద వేస్తే తన చేతినే మెట్టుగా చేసుకున్నట్టు, ఊగు ఆగుతుంది, నడుం పైకి లేస్తుంది, రెండో చెయ్యి ఇంకాస్త దూరం అందుతుంది. దీని మూల్యం భుజం చెల్లిస్తుంది. ఈ ఆటలో ఎక్కువగా దెబ్బతినేవి భుజం కీలు, మోచేతి కండరాల మొదళ్లు.

పరికరాలకూ హద్దులున్నాయి. గొడ్డలి నిర్ణీత కొలత పెట్టెలో పట్టాలి, లేకపోతే పొడవు చేతులవాడి పొడవును ఇనుము మరింత పెంచేస్తుంది. మణికట్టుకు కట్టుకునే పట్టీలు పనికిరావు. మడమ వెనక ముల్లు కూడా నిషేధం. దాన్ని పట్టుకు తగిలించి తలకిందులుగా గబ్బిలంలా వేలాడుతూ ఎంతసేపైనా సేద తీరవచ్చు, అప్పుడు పోటీకి అర్థం ఉండదు. మొన ఆనవలసింది గుర్తు పెట్టిన పట్ల మీదే, గీసిన హద్దు దాటకూడదు. గొడ్డలి చేతి నుంచి జారిందంటే ఆ ప్రయత్నం దాదాపు ముగిసినట్టే.

స్పీడ్: ఐసు మిగిలిన చోటు

స్పీడ్‌లో ఇద్దరు పక్కపక్క దారుల్లో, పైనుంచి వేసిన తాడు భద్రతతో ఐసు గోడ మీదికి పరుగెత్తుతారు. అది ఎక్కడం కన్నా పరుగుకే దగ్గర. గొడ్డలి లోతుగా దించే తీరిక లేదు, తగిలించి లాగాలి. గోడ పది పదిహేను మీటర్ల మధ్య ఉంటుంది, మేటి పురుషులు కొన్ని సెకన్లలోనే పైనున్న గంటకో మీటకో చేరతారు.

మామూలు క్లైంబింగ్ స్పీడ్‌తో పోలిస్తే తేడా అర్థమవుతుంది. అక్కడ 15 మీటర్ల గోడ, పట్లు ప్రపంచమంతా ఒకే కొలత, ఒకే అమరిక. అందుకే జకార్తాలో నమోదైన సమయాన్ని పారిస్‌లో దాటవచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల స్వర్ణం 4.75 సెకన్లకు దక్కింది. ఐసు స్పీడ్‌లో ఈ పోలిక కుదరదు. గోడ ఎత్తు వేరు, ఆనాటి చలి వేరు, ఐసు గట్టిదనం వేరు. కాబట్టి ఇక్కడ పతకాలే తప్ప ప్రపంచ రికార్డుకు అర్థం లేదు. రెండు దారుల్లో గుంటలు ఒకేలా ఉండవు గనుక క్రీడాకారులను దారులు మార్చి ఎక్కించడం ఒక సర్దుబాటు. పూర్తి న్యాయం మాత్రం కాదు.

ఒలింపిక్స్ గడప దగ్గర

యూఐఏఏకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు 1995లోనే వచ్చింది. 2014 సోచీ శీతాకాల క్రీడల సాంస్కృతిక కార్యక్రమంలో ఐస్ క్లైంబింగ్‌ను ప్రదర్శించారు. పతకం మాత్రం ఇప్పటిదాకా లేదు. పక్క క్రీడలకు మాత్రం చోటు దొరికింది: క్లైంబింగ్ టోక్యోలో అడుగుపెట్టింది, స్కీ మౌంటెనీరింగ్ 2026 మిలానో–కొర్టీనా క్రీడల జాబితాలోకి వచ్చింది.

చిక్కుముడి ఒలింపిక్ చార్టర్‌లో ఉంది. హిమం మీదో ఐసు మీదో ఆడేవే శీతాకాల క్రీడలని అది చెబుతుంది. స్పీడ్ ఆ నిర్వచనంలో చక్కగా ఇముడుతుంది. కానీ స్పీడ్‌లో సమయాలను పోల్చలేం, గోడను ప్రామాణికం చేయలేం. లీడ్ పోటీగా పక్వమైంది, చూడటానికి ఉత్కంఠ, కానీ దాని కింద ఐసు లేదు. ఒక విభాగానికి అర్హత ఉంది, కొలత లేదు. రెండోదానికి కొలత ఉంది, అర్హత లేదు. వేసవి క్రీడల్లోకి వెళ్దామంటే అక్కడ క్లైంబింగ్ పేరుతో వేరే సమాఖ్య ముందే కూర్చుంది. చార్టర్ మాటను సడలిస్తే తప్ప, లేదా లీడ్ గోడలో ఐసు భాగాన్ని మళ్లీ పెంచితే తప్ప ఈ ముడి విడదు. రెండోది చేస్తే మొదట చెప్పిన అన్యాయాలన్నీ తిరిగొస్తాయి.

రష్యా అంశం కూడా తక్కువది కాదు. స్పీడ్‌లో ఏళ్ల తరబడి రష్యన్లదే పైచేయి, కీరోవ్ నగరం పాత వేదిక. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఆ దేశపు క్రీడాకారులు పోటీలకు దూరమయ్యారు. ఆ ఖాళీలో ఇరాన్, కొరియా, మంగోలియా క్రీడాకారులు మరింతగా కనిపించసాగారు.

చలిదేశాలే గెలవడం లేదు

ఇరాన్ పేరు వినగానే చాలామందికి ఎడారి గుర్తొస్తుంది. కానీ అక్కడి అల్బోర్జ్ పర్వతాల్లో శీతాకాలం జలపాతాలు గడ్డకడతాయి. స్పీడ్‌లో ప్రపంచ స్థాయి విజేత మొహమ్మద్‌రెజా సఫ్దరియన్ అక్కడివాడే. అంతకన్నా చెప్పుకోదగ్గది నెదర్లాండ్స్. పెద్ద కొండే లేని ఆ దేశం నుంచి మరియన్నే వాన్ డెర్ స్టేన్ లీడ్‌లో ప్రపంచ కప్ పోడియం ఎక్కింది. స్విట్జర్లాండ్‌కు చెందిన పెట్రా క్లింగ్లర్ 2016లో తాడు లేకుండా పొట్టి గోడలు ఎక్కే బౌల్డరింగ్ ప్రపంచ విజేత, టోక్యో ఒలింపియన్, ఐసు పోటీల్లోనూ పతకాలు గెలిచింది. లీడ్ ప్లైవుడ్‌కు మారకపోతే ఇలా రెండు ఆటల మధ్య రాకపోకలు ఇంత తేలిక అయ్యేవి కావు.

వేదికల సంగతి ఇంకా ఆసక్తికరం. స్విట్జర్లాండ్‌లోని సాస్-ఫీలో పోటీ జరిగేది బహుళ అంతస్తుల కార్ పార్కింగ్ భవనంలో. దక్షిణ కొరియాలోని చాంగ్‌సాంగ్ ఆపిల్ తోటలకు పేరుపడ్డ గ్రామీణ జిల్లా. చిత్తూరుకు మామిడి ఎలాగో దానికి ఆపిల్ అలాగ. 2011 నుంచి ప్రపంచ కప్‌కు అది ఆతిథ్యమిస్తోంది. అమెరికాలోని ఊరే (Ouray) అనే పట్టణం లోయ అంచున పైపులు వేసి, రాత్రిళ్లు నీళ్లు చిమ్మి ఐసును పంటలా పండిస్తుంది. 1996 నుంచి అక్కడ ఐసు పండుగ జరుగుతోంది. నీళ్లు తక్కువైన ఏడాది ఆ పంటా తగ్గుతుంది. ఈ బాధ రాయలసీమ రైతుకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

తిరుపతిలో ఐసు గోడ: ఒక లెక్క

తలకోన జలపాతం సుమారు 270 అడుగులు. ఎత్తులో పోటీ గోడలు దానికి సాటి రావు. కానీ గడ్డకట్టడం అనే ప్రశ్నే లేదు. కృత్రిమంగా చేస్తే ఎంతవుతుందో చూద్దాం.

ఎత్తు 12 మీటర్లు, వెడల్పు 5, మందం 30 సెంటీమీటర్లు అనుకుంటే 18 ఘనపు మీటర్ల ఐసు. బరువు సుమారు పదహారున్నర టన్నులు, అంటే పదహారున్నర వేల లీటర్ల నీళ్లు. 28 డిగ్రీల నీటిని సున్నాకు తెచ్చి, గడ్డకట్టించి, మైనస్ 8 వరకు దించడానికి కిలోకు దాదాపు 470 కిలోజౌళ్ల వేడి తీయాలి. మొత్తం కలిపితే 2,150 యూనిట్లకు సమానమైన వేడి. యంత్రం ఒక యూనిట్ కరెంటుతో రెండు యూనిట్ల వేడి లాగుతుందనుకుంటే సుమారు 1,100 యూనిట్ల కరెంటు. ఇది పెద్ద ఖర్చేం కాదు, ఒక కల్యాణ మండపం కొన్ని పెళ్లిళ్లలో కాల్చేసేంత.

అసలు ఖర్చు నిలబెట్టడంలో ఉంది. 60 చదరపు మీటర్ల ముఖం 30 డిగ్రీల గాలికి తెరిచి ఉంటే గాలి వేడి, గోడల నుంచి వచ్చే వేడి, గాలిలోని తేమ ఐసు మీద నీరుగా మారుతూ వదిలే వేడి కలిసి చదరపు మీటరుకు 500 వాట్ల పైమాటే. రోజుకు దాదాపు 400 యూనిట్ల కరెంటు. దీని మీద ఎండ పడితే లెక్క మొత్తం తలకిందులు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో చెమ్మ ఎక్కువ, అప్పుడు ముఖం ఎప్పుడూ కారుతూనే ఉంటుంది.

ఇంకో చిక్కు చలి వచ్చే దిక్కు. కొరియాలోనో స్విట్జర్లాండ్‌లోనో చుట్టూ ఉన్న గాలే చల్లన కాబట్టి ఐసు బయటి నుంచి గట్టిపడుతుంది. ఇక్కడ చల్లదనం వెనక పైపుల నుంచి మాత్రమే. వెనక రాయిలా, ముందు వెన్నలా ఉంటుంది. గొడ్డలి దిగేది ఆ వెన్నలోనే. మందం పెంచితే సరిపోతుందా అంటే అదీ కాదు. ఐసే చలికి అడ్డుగోడ, మందం రెట్టింపైతే గడ్డకట్టే సమయం నాలుగు రెట్లవుతుంది. పైపులు మైనస్ 15 దగ్గర ఉంటే ముందువైపు వేడి ఏమీ తగలదనుకున్నా 10 సెంటీమీటర్లకు 13 గంటలు, 30 సెంటీమీటర్లకు దాదాపు ఐదు రోజులు.

నీటి నాణ్యత కూడా చూడాలి. ఐసు ఫ్యాక్టరీ దిమ్మను పరికించి చూస్తే అంచులు అద్దంలా, నడిమి భాగం తెల్లగా మబ్బుగా కనిపిస్తుంది. గడ్డకట్టే నీరు తనలోని గాలిని, ఉప్పును లోపలికి నెట్టుకుంటూ పోయి చివరికి నడుమ బంధిస్తుంది. బోరు నీళ్లయితే ఆ తెలుపు ఎక్కువ, ఆ భాగం పొడిపొడిగా విరుగుతుంది. గోడకు వాడాలంటే శుద్ధి చేసిన నీటిని పలచని పొరలుగా చిమ్ముతూ, ఒక పొర గట్టిపడ్డాకే ఇంకో పొర వేయాలి. ఒకేసారి పోస్తే పొరల మధ్య గాలి చిక్కి, ఎక్కేటప్పుడు పలకల్లా ఊడివస్తుంది.

కాస్త నిలిచే మార్గం ఒకటే, గోడను గదిలో పెట్టడం. పది మీటర్ల పొడవు, ఎనిమిది వెడల్పు, పద్నాలుగు ఎత్తు గదికి వేడిని ఆపే 100 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లు బిగిస్తే బయటి నుంచి లోపలికి వచ్చే వేడి సుమారు 5 కిలోవాట్లకు పడిపోతుంది, తెరిచిన గోడకు వచ్చేదానిలో ఆరో వంతు. మనుషుల ఒంటి వేడి, లైట్లు, తలుపు తీసిన ప్రతిసారీ దూరే తేమ దీనికి అదనం. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమకు ఈ పని కొత్త కాదు. క్రిములు లేకుండా సీలు చేసే అసెప్టిక్ గుజ్జుకు చల్లదనం అక్కర్లేదు గానీ ఫ్రోజెన్ గుజ్జును మైనస్ 18 దగ్గర ఉంచాలి. ప్యానెళ్లు బిగించేవాళ్లు, కంప్రెసర్ మెకానిక్కులు ఇక్కడే ఉన్నారు. ఒక్క జాగ్రత్త తప్పదు: జనం ఉండే గదిలోకి అమ్మోనియా పైపులు తేకూడదు. యంత్రం బయట, లోపలికి చల్లదనాన్ని మోసుకొచ్చే గ్లైకాల్ ద్రవం మాత్రమే.

ఇంత చేసినా దొరికేది స్పీడ్ సాధనకు ఒక్క గోడ. పది మంది క్రీడాకారులు కూడా లేనిచోట దీనికి పెట్టే డబ్బుతో వాళ్లను ఏటా లడాఖ్ పంపవచ్చు.

శేషాచలం రాళ్ల జోలికి వద్దు

డ్రై టూలింగ్‌కు రాయి చాలు కదా, తిరుపతికి రాళ్లకు కొదవా అన్న ఆలోచన సహజంగా వస్తుంది. శేషాచలం క్వార్ట్‌జైట్ చరియలు ఎక్కడానికి నోరూరించేవే. కానీ ఉక్కు మొన తగిలిన ప్రతిచోటా రాతి మీద తెల్లని గీత పడుతుంది, అంచులు రాలతాయి, ఆ గీతలు పోవు. యూరప్‌లో కూడా దీనికి విడిగా కేటాయించిన చరియలు, పాత క్వారీలే వాడతారు. మామూలు క్లైంబర్లే తమ రాళ్ల మీద గొడ్డలి పడనివ్వరు. ఇక్కడ ఆ కొండలు శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 2010 నుంచి జీవావరణ రిజర్వు కూడా. భక్తుల దృష్టిలో అవి ఏడుకొండలు. తిరుమల ఘాట్‌లో కనిపించే శిలల విభజన రేఖ జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. అనుమతి అడగడమే అనవసరం.

షెడ్డు, తాడు, భుజం

ఇక్కడ నిజంగా సాధ్యమయ్యేది లీడ్‌కు పునాది. ఎనిమిది పది మీటర్ల ఎత్తున్న గోదాము షెడ్డులో ఇనుప చట్రం, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, వెనకవైపు మరలు బిగించే టీ-నట్లు. గోడ నిట్టనిలువుగా మొదలై 30, ఆపైన 45 డిగ్రీలు ముందుకు వాలాలి. చట్రాన్ని షెడ్డు స్తంభాలకు ఊరికే వెల్డింగ్ చేసి సరిపెట్టకూడదు. పడిన మనిషిని తాడు ఆపినప్పుడు పై బిందువు మీద పడే బలం ఒంటి బరువుకు ఎన్నో రెట్లు. ఇంజనీరు లెక్క కట్టాలి.

తాడు దగ్గర రాజీ పడకూడదు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే నైలాను తాడు కావలసినంత సాగదు, పడ్డవాడి నడుము మీద ఆ దెబ్బంతా పడుతుంది. పర్వతారోహణ ప్రమాణాలున్న, సాగే డైనమిక్ తాడే కావాలి. గొడ్డలి మొనలు, బూటు ముళ్లు తాడుకు ఎప్పుడు తగిలినా ఆ జానెడు భాగాన్ని వేళ్లతో తడిమి చూడాలి, లోపల మెత్తగా తగిలితే కోసి పారేయాలి. తొలి నెలల్లో ముళ్ల బూట్లు అసలే వద్దు, మామూలు బూట్లు చాలు. కింద పరుపులు వేసినా ముళ్లు వాటిలో దిగి చీలమండ మెలిపడుతుంది. గోడ కింద పడే చోటు చుట్టూ గీత గీసి లోపలికి ఎవరినీ రానివ్వకూడదు, తాడు పట్టినవాడికి కూడా హెల్మెట్ ఉండాలి. పది మీటర్ల నుంచి జారిన గొడ్డలికి ఎవరన్నది తెలియదు.

పోటీ గొడ్డళ్ల జత అర లక్ష రూపాయలు దాటడం మామూలు, దిగుమతి ఖర్చు వేరే. మొదట్లో అవి అక్కర్లేదు. కర్ర పిడికి చివర రబ్బరు లూపు తగిలించిన సాధన కర్రలు మామూలు క్లైంబింగ్ పట్లను పాడు చేయవు, కళ్లకూ ప్రమాదం తక్కువ. రెండు చేతులతో వేలాడి ముప్పై సెకన్లు భుజాలు చెవుల దాకా జారకుండా నిలవగలిగాకే ఒంటి చేతి సాధన. ఆ తర్వాతే ఫిగర్ ఫోర్. ఈ వరస తప్పినవాళ్లు ఫిజియోథెరపిస్టు దగ్గర తేలతారు.

ఐసును తాకడానికి ఉత్తరాదికి పోక తప్పదు. డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలీ సంస్థల బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు దాదాపు నాలుగు వారాలు. ఎన్‌సీసీ ద్వారా వెళ్లే క్యాడెట్లకు ఈ దారి తెలిసిందే. బేసిక్‌లో ‘ఎ’ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకు అర్హత. ఆ కోర్సుల్లో నేర్పేది పర్వతం ఎక్కడమే, పోటీ కాదు. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లి 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు దారి అది. లీడ్ పోటీదారుడికి కావలసింది వేరే ఒళ్లు, వేరే అలవాట్లు. అయినా ఐసు మీద నిలబడటం, తాడు వ్యవహారం అక్కడే వస్తాయి. యూఐఏఏలో భారత్ తరఫు సభ్య సంస్థ ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్, అంతర్జాతీయ పోటీకి వెళ్లే దారి దాని గుండానే.

గడ్డకట్టిన జలపాతాలకు లడాఖ్, స్పితి లోయలు. జనవరి, ఫిబ్రవరి నెలలే అదను. లేహ్ ఎత్తు 3,500 మీటర్ల పైన, తిరుపతి 200 మీటర్లకు లోపే. ఉదయం రేణిగుంటలో విమానం ఎక్కి మర్నాడు లేహ్‌లో దిగినవాళ్లు కనీసం రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకూడదు. తలనొప్పి తగ్గకుండా గోడ దగ్గరికి పోకూడదు. ఇంకొకటి కోచ్‌లు ముందే చెప్పాలి, లేకపోతే కొత్తవాళ్లు హడలిపోతారు: చేతులు పైకెత్తి ఐసు ఎక్కి దిగాక, మొద్దుబారిన వేళ్లలోకి రక్తం తిరిగి వచ్చే రెండు మూడు నిమిషాలు ఏడుపు వచ్చేంత నొప్పి, ఒక్కోసారి వాంతి. అప్పుడు చేతులు మంట దగ్గర పెట్టకూడదు, వేడి నీళ్లలో ముంచకూడదు. చంకల్లో పెట్టుకుని కూర్చుంటే దానంతటదే తగ్గుతుంది.